ఎదురెక్కే దినాలు

ఆ తెల్లవారుజామున నేను విసిరిన గాలం దారం నీళ్ళ మీద పడలేదు, చచ్చిన చేపల మీద పడింది.

మొదట అర్థం కాలేదు. దారం నీళ్ళను తాకితే చప్పుడు రాకూడదు. మూడేళ్ళుగా నాన్న నాకు నేర్పింది అదే. ఆ రోజు తడిబట్ట మీద బెత్తం దెబ్బలా 'చప్'మంది. లాగితే కొసన ఏదో తగిలింది. పెద్ద చేపే అనుకుని కర్ర ఎత్తాను. అది పెనుగులాడలేదు. కర్ర గుండా చేతికి ఒక్క అదురు కూడా రాలేదు. బరువుగా జారుకుంటూ వచ్చి కట్ట రాళ్ళకు తగిలి ఆగింది. రెండు కిలోల బొచ్చె చేప. కళ్ళు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. మొప్ప ఎత్తి చూశాను. ఎర్రగా ఉండాల్సింది తుప్పు రంగులో ఉంది.

తల ఎత్తేసరికి వెలుగొచ్చింది. కట్ట మొదలు అవతలి తుమ్మల దాకా నీళ్ళ మీద తెల్లటి పొట్టలే. బొచ్చెలు, రవ్వులు, వేలెడేసి పరిగెలు. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి కొరమీను మూతి పైకి పెట్టి, గాలి గుటకేసి, మళ్ళీ లోపలికి పోతోంది. అంత చేప తేలినా ఒక్క కొంగ వాలలేదు.

అది తొంభై రెండో సంవత్సరం. మిరుగు, అంటే మృగశిర కార్తె దాటి ఆరుద్ర వచ్చిన మూడో రోజు. మా ఊరికి గడ్డపోతారం రసాయనాల కంపెనీలు రెండు మైళ్ళు. నాకు పంతొమ్మిదేళ్ళు, ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్న ఆడపిల్లను.

ఊళ్ళోకి పరుగెత్తి అరిచాను. ముందు నాన్ననే లేపాను. రెండో షిఫ్టు చేసి వచ్చిన మనిషి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"నాయినా, చెరువుల చేపలన్నీ సచ్చినయ్!"

ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. నా వైపు తిరగలేదు.

"ఊఁ" అన్నాడు. "ఆ నీళ్ళల్ల చెయ్యి పెట్టినవా? సబ్బేసి కడుక్కో."

*

సూర్యుడు ఎక్కేసరికి ఊరంతా కట్ట మీద ఉంది. చెరువు మీద చేపల గుత్త ఆ ఏడు వెంకటేశం పటేలుది. చెరువు కింద ఇరవై ఎకరాల మాగాణి కూడా ఆయనదే. తూము దగ్గర నిలబడి తువ్వాలతో ముక్కు మూసుకున్నాడు.

"ఎవడ్రా గీ పాపం చేసింది? నోరిప్పండి!"

"ఇంకెవ్వడుంటడు పటేలా" అన్నాడు గుంపులోంచి ఒకడు. "ముందుగాల చిన్నరాములు ఇల్లు ఎతుకుండ్రి."

చిన్నరాములు మా నాన్న తమ్ముడు. పంచాయతీ నీళ్ళ ట్యాంకు దగ్గర పని. ట్యాంకులో కలిపే బ్లీచింగ్ పొడి సంచి ఆయన ఇంట్లోనే ఉండేది. రెండేళ్ళ కింద ఎండాకాలంలో, ఎండిపోతున్న చిన్న కుంటలో రెండు దోసిళ్ళ బ్లీచింగ్ చల్లి, తేలిన కొరమీన్లు పట్టుకుంటూ దొరికిపోయాడు. ఊరందరి ముందు చెవులు పట్టుకున్నాడు. ఊరు నవ్వింది కానీ మరిచిపోలేదు.

చిన్నాయనను ఇంట్లోంచి లాక్కొచ్చారు. సంచి కూడా తెచ్చారు. సగం ఖాళీగా ఉంది.

"సగం ఏడికి పోయింది?" అన్నాడు వెంకటేశం.

"మీరు తాగిండ్రు పటేలా" అన్నాడు చిన్నాయన. "దినాం మీ నల్లల వచ్చేది గదే." ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. అది చూసి ఆయనకు ధైర్యం వచ్చింది. "గీ సంచితోని ఎనబై ఎకరాల చెరువును సంపేటంత మొనగాన్నైతే, నన్ను మిల్ట్రీల పిలిచి నౌకరీ ఇస్తుండె గద!"

మొదటి కట్టె వీపు మీద పడింది. తరువాత ఎవరు కొట్టారో, ఎన్ని పడ్డాయో చెప్పడం కష్టం. చేతులు అడ్డం పెట్టుకున్నాడు. కుడిచేతి వేళ్ళు విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

అప్పుడు నాన్న వచ్చాడు. గుంపు వెనకే ఆగిపోయాడు.

"కొట్టకుండ్రి" అన్నాడు. ఆ మాట పక్కవాడికి కూడా వినపడి ఉండదు.

చిన్నాయన మాత్రం అన్నను చూశాడు. నోటి నిండా నెత్తురు. "అన్నా! వచ్చినవా? జెర చెప్పరాదే వీళ్ళకు. చేపల గుట్టు నీకంటే ఎవనికెరుక? గిది బ్లీచింగ్ పనేనా? చెప్పన్నా!"

అందరూ నాన్న వైపు తిరిగారు. నిజమే, మా చుట్టుపక్కల చేప గురించి ఆయన మాటే ఆఖరి మాట. ఆయన చెరువు వైపు చూశాడు.

"నాకేం తెల్వది" అన్నాడు.

పోలీసు జీపు వచ్చింది. చిన్నాయనను ఎక్కించుకుని పోయింది. ఆ మధ్యాహ్నం చెరువులో నీళ్ళు తాగిన బర్రెలు ఆరు పడిపోయాయి. అందులో ఒకటి చిన్నాయనదే.

"తన బర్రెను తనే సంపుకుంటడా?" అని మా అమ్మ దేవమ్మ నీళ్ళ బావి దగ్గర ఒక్కతే వాదించింది.  ఊరికి మనిషి దొరికాడు. దొరికిన మనిషిని ఊరు వదులుకోదు.

*

మా నాన్న నాగయ్య కంపెనీలో చేరక ముందు పదేళ్ళు పటాన్‌చెరు దగ్గర జొన్న పరిశోధనకు వచ్చిన ఒక తెల్లదొర దగ్గర పొలం పని చేశాడు. ఆదివారాలు ఆ దొర చెరువుల వెంట తిరిగేవాడు. దేశం వదిలి పోతూ తన చేపల కర్రను నాన్న చేతిలో పెట్టి పోయాడు. మూడు ముక్కలు జోడిస్తే తొమ్మిది అడుగులయ్యే చీల్చిన వెదురు కర్ర, అరచేతంత చక్రం, పచ్చటి లావు దారం.

మా ఊళ్ళో గాలానికి వానపామును గుచ్చుతారు, పిండి ముద్ద గుచ్చుతారు. నాన్న ఏదీ గుచ్చడు. పుంజు మెడ ఈకను పట్టుదారంతో చిన్న గాలానికి చుట్టి ఈగలా చేస్తాడు. దానికి ఊదితే ఎగిరిపోయేంత బరువు కూడా ఉండదు. మరి దూరం ఎలా పోతుంది?

"గాలాన్ని ఇసరద్దు బిడ్డా, దారాన్ని ఇసరాలె. బరువంత దారంలనే ఉంటది" అనేవాడు. "వడిసెల తిప్పినట్టు తిప్పకు. గోడకు సున్నం చిమ్మినట్టు. ఎత్తు, ఆపు, చిమ్ము. దారం ఎనకకు పోయి సాపుగ అయ్యేదాక ఆగాలె. ఆగలేనోనికి చేప దొరకది."

ముడి బిగించే ముందు ఉమ్మితో తడపాలి, పొడిగా లాగితే దారం కొసన కట్టే నైలాన్ తీగ వేడికి పాడై పెద్ద చేప దగ్గరే తెగుతుంది. నీడ నీళ్ళ మీద పడకుండా కూర్చోవాలి. ఇంటికొచ్చాక దారమంతా విప్పి నీడలో ఆరేయాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. నీళ్ళ దగ్గరికి పోగానే విసరకూడదు. ముందు రాళ్ళు తిప్పాలి. రాయి అడుగున ఏ పురుగు పాకుతోందో, అదే ఆ రోజు చేప తింటోంది. దాని రంగు ఈకే కట్టాలి.

ఒక్క నియమం మాత్రం దొరది కాదు, నాన్నదే. మిరుగు వానలకు వాగులోంచి కొత్త నీళ్ళు చెరువులో కలిసినప్పుడు, చేపలు గుడ్లతో ఆ నీళ్ళకు ఎదురెక్కుతాయి. ఊరంతా వలలూ బుట్టలూ పట్టుకుని వాగు మీద పడుతుంది. నాన్న ఆ పదిహేను రోజులు కర్ర ముట్టడు, నన్ను ముట్టనివ్వడు.

"కడుపుతోని ఉన్నదాన్ని తొవ్వల ఆపి కొడ్తరా ఎవరన్న?" అనేవాడు.

ఆ ఏడు కూడా అంతే. ఆరుద్ర వచ్చి ఎదురెక్కడం ఆగాకే ఆ తెల్లవారుజామున నేను కర్ర తీసుకుని కట్ట మీదికి పోయాను. చేపలు చచ్చిన రోజు సాయంత్రం నాన్న ఆ కర్ర ముక్కలు విడదీసి, గుడ్డ సంచిలో పెట్టి, దూలానికి కట్టేశాడు.

*

మూడో రోజు చిన్నమ్మ వచ్చింది. సంగమ్మ చిన్నమ్మకు ఏడో నెల. గడప దాటి లోపలికి రాలేదు.

"లోపలికి రాయే" అంది అమ్మ.

"వచ్చి ఏం జేస్తక్కా? బావ ముఖం చూద్దామని వచ్చిన. ఒక్కపారి చూపియ్యి."

నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. డ్యూటీకి పోయే బట్టల్లో ఉన్నాడు.

"బావా! తెల్వదంటివట గద?" అంది చిన్నమ్మ. "ఆయన నీళ్ళడిగిండా, అన్నమడిగిండా? ఒక్క మాటనే గద అడిగిండు. చేపలు సచ్చిన ముందటి దినం ఆయన కల్లు తాగి పొద్దుమూకేదాక నా కండ్ల ముందట పడి ఉండె. నా మాట ఎవరు వింటరు, పెండ్లాన్ని గద. నీ మాట ఇంటుండె ఊరు."

నాన్న లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "డ్యూటీకి యాల్లైంది" అని ఆమె పక్కనుంచే బయటికి పోయాడు.

చిన్నమ్మ ఆయన పోయిన దిక్కే చూసింది. "రాయి లెక్క అయిండు" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "సుమిత్రా, వకీలు ఐదేండ్లు పడ్తదంటున్నడు బిడ్డా. నీళ్ళల్ల విషం కలిపిండని, బర్రెల్ని సంపిండని కేసు. ఐదేండ్లకు వీడు నడుస్తడు, మాట్లాడ్తడు," కడుపు మీద చెయ్యి వేసుకుంది, "తండ్రెవడో ఎరుకుండది."

"నేను సంగారెడ్డి పోత చిన్నమ్మా" అన్నాను. పోయి ఏం చేస్తానో నాకే తెలియదు.

*

సంగారెడ్డి జైల్లో కటకటాల అవతల చిన్నాయన సగం అయిపోయి ఉన్నాడు. కుడి చేతికి పిండికట్టు. నన్ను చూసి నవ్వబోయాడు, పెదవి పగిలింది.

"దసరాకు ఇడిచిపెడ్తరట బిడ్డా. ఏ దసరాకో చెప్తలేరు."

నేను నవ్వలేదు. ఆయన నవ్వు కూడా ఎంతో సేపు నిలవలేదు.

"మీ నాయిన వచ్చిండా?"

"లేదు."

"ఊకె అడిగిన తియ్."  ఉన్నట్టుండి ముందుకు వంగాడు. "సుమిత్రా, ఆ దినం తెల్లారంగ ముందుగాల చూసింది నువ్వే గద. కొరమీను సచ్చిందానే?"

"లేదు. పైకొచ్చి గాలి గుటకేస్తుండె. రెండో దినం దాక బతికే ఉండె."

చిన్నాయన ఎడమ చేత్తో కటకటాన్ని చరిచాడు. "మరింకేంది! దొంగోన్ని నేను, నన్ను అడుగు. బ్లీచింగ్ పోసేదే కొరమీను కొరకు. బురదల దాక్కున్నదాన్ని కండ్లు మండిచ్చి బయటికి గుంజుతది. బ్లీచింగ్ అయితె ముందుగాల తేలేది గదే. ఇది అట్ల గాదు. నీళ్ళల్ల ఊపిరి పోయింది. కొరమీను ఒక్కటే బయటి గాలి పీలుస్తది, గందుకే మిగిలింది."

తిరిగి వస్తూ ఠాణా దగ్గర దిగాను. ఎస్సై చెడ్డవాడు కాదు, పూర్తిగా విన్నాడు. మధ్యలో కుర్చీ కూడా చూపించాడు.

"కాలుష్యం ఆఫీసోళ్ళు సీసాలో నీళ్ళు తీస్కపోయిండ్రమ్మా. రిపోర్టు ఎప్పుడొస్తదో వాళ్ళకే తెల్వదు. కొరమీన్ను తీసుకపోయి కోర్టుల నిలబెట్టలేను గద. మీ చిన్నాయన చెయ్యలేదంటే, చేసినోడెవడో కావాలె. ఆడే వచ్చి చెప్పాలె, రాసి సంతకం పెట్టాలె. గంతకంటే తక్కువదేదీ పనికి రాదు."

*

మర్నాడు శనివారం. నాన్న డ్యూటీకి పోయాక నేను వాగు పట్టుకుని ఎగువకు నడిచాను. కర్ర తీసుకోలేదు. నాకు తెలిసిన పని ఒక్కటే, అదే మొదలుపెట్టాను. రాళ్ళు తిప్పడం.

వాగు చెరువులో కలిసే చోట మొదటి రాయి తిప్పాను. అడుగున నల్లటి జిగురు. పురుగు లేదు. వంద అడుగులకు ఒకటి చొప్పున తిప్పుకుంటూ పోయాను. మడుగుల్లో మిగిలిన నీళ్ళ మీద నూనె పొర. వంగితే ఇంగువా ఆముదమూ కలిపి మాడ్చినట్టు వాసన. ఏ రాయి కిందా ప్రాణం లేదు. తూనీగ లేదు, దోమ కూడా లేదు. అర మైలు. ముప్పావు మైలు. ప్రతి రాయి నల్లటి నున్నటి అడుగుతోనే తిరిగింది.

మైలు దాటాక వాగు ఒక కంపెనీ వెనక గోడకు ఆనుకుని వంపు తిరుగుతుంది. గోడ అడుగున మనిషి దూరేంత సిమెంటు పైపు. దాని మూతి కింద గడ్డి పసుపు పచ్చగా మాడి ఉంది.

పైపుకు ఇవతల ఒక రాయి తీశాను. నల్లగా, ఖాళీగా ఉంది. పైపు దాటి ఇరవై అడుగులు పైకి పోయి ఇంకొకటి తీశాను. దాని అడుగున మూడు తోకల పురుగులు నాలుగు, ఎండ తగలగానే పక్కలకు ఉరికాయి. ఇంకో రాయి తీశాను. అక్కడా ఉన్నాయి. కొంచెం పైన తూనీగలు ఎగురుతున్నాయి, మడుగులో పరిగె పిల్లలు మెదిలాయి.

తల ఎత్తి ఆ గోడ వైపు చూశాను. అది మా నాన్న పనిచేసే కంపెనీ.

గోడ చుట్టూ తిరిగి ముందు గేటు దగ్గరికి వెళ్ళాను. సూపర్‌వైజర్ సత్తిబాబు కోస్తా మనిషి. నాన్నకు భోజనం ఇవ్వడానికి పోయినప్పుడల్లా నాతో బాగానే మాట్లాడేవాడు. టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏమ్మా, మీ నాన్న పొద్దున షిఫ్టులో లోపలున్నాడు. పిలవమంటావా?"

"వద్దు సార్. ఎనక గోడకు పైపు ఉన్నది గద, అదేంది?"

"వాన నీళ్ళ పైపు. వానొస్తే తీస్తాం."

"ఆరుద్ర రెండో దినం వాన పడలేదు గద సార్."

టీ గ్లాసు నోటి దగ్గరే ఆగింది. ఆయన దాన్ని బల్ల మీద నెమ్మదిగా పెట్టాడు.

"ఆ వాల్వు తాళం చెవి మీ నాన్న దగ్గరే ఉంటుంది" అన్నాడు. "ఇంకెవరి దగ్గరా లేదు. ఏ కాగితం మీదా నా సంతకం కూడా లేదు. దసరాకి పర్మినెంట్ చేసే వాళ్ళలో మీ నాన్న పేరుంది. తెలివైన పిల్లవి, ఇంటికెళ్ళు."

నేను ఇంటికి పోలేదు. మళ్ళీ వాగు దగ్గరికి పోయి రెండు రాళ్ళు తీసుకున్నాను. పైపుకు పైనుంచి ఒకటి, కింది నుంచి ఒకటి. పైదాన్ని తడిగుడ్డలో చుట్టుకున్నాను.

*

నాన్న మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. అమ్మ అన్నం పెట్టింది. ఆయన మొదటి ముద్ద కలుపుతుండగా రెండు రాళ్ళూ కంచం ముందు పెట్టి, అడుగులు పైకి తిప్పాను.

తడి రాయి మీద ఒక పురుగు ఇంకా కదులుతోంది. రెండోది నల్లగా ఉంది.

ఆయన రెండింటినీ చూశాడు. ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"ఎక్కడి దాక పోయినవ్ బిడ్డా?"

"పైపు దాక."

 బయట ఎవరిదో మేక అరుస్తోంది. నాన్న చెయ్యి కడుక్కున్నాడు. కదిలే పురుగున్న రాయిని తీసుకుని నీళ్ళ గోలెంలో మెల్లగా వదిలాడు.

"తెల్ల కాగితం ఉన్నదా?" అన్నాడు.

నేను కాగితం, పెన్ను తెచ్చాను. అమ్మకు అప్పుడు అర్థమైంది. నా చేతిలో పెన్ను పట్టుకుని గుంజింది. "రాయకే! వద్దు. ఈయన పోతె గీ ఇంటికి ఎవరు దిక్కు?"

"ఆడు పోతె ఆ ఇంటికి ఎవరు దిక్కు?" అన్నాడు నాన్న. "ఇయ్యి దేవీ. పిల్ల చేతికి పెన్నియ్యి."

నాన్నకు సంతకం తప్ప రాత రాదు. ఆయన చెప్పాడు, నేను రాశాను. మాట మార్చవద్దన్నాడు. మార్చలేదు. ఆ సాయంత్రం ఆయనే ఠాణాలో ఇచ్చిన ఆ కాగితంలో ఉన్నది ఇది:

"నా పేరు నాగయ్య. కంపెనీల ఎనక గుంట కాడ నా డ్యూటీ. ఖరాబు నీళ్ళన్నీ ఆ గుంటల పడ్తయి. ట్యాంకర్లల్ల పోవాలె గని అన్నీ పోవు. వానొచ్చినప్పుడు వాల్వు తియ్యమని సూపర్‌వైజర్ సాబ్ నోటితోని చెప్తడు. వాగు నిండ నీళ్ళు పోతుంటె అండ్ల కలిసిపోతది, ఎవ్వరికి తెల్వది. మూడేండ్ల సంది నేనే తీస్తున్న. వానకు జెర జెర ఇడిస్తె చేపలకు ఏం కాలేదు. ఏం కాలేదని నాకు నేను చెప్పుకున్న.

ఈ ఏడు మిరుగుల మూడు పెద్ద వానలు పడ్డయి. మూడింటికి తియ్యమన్నడు. నేను తీసిన అని అబద్ధం చెప్పి తియ్యలేదు. చేపలు ఎదురెక్కే దినాలు. గుడ్లతోని ఉన్నయి. ఆ నీళ్ళు వాటి మూతికి కొట్టబుద్ధి కాలేదు. పదిహేను దినాలు ఆపుదాం, ఆరుద్ర వానకు ఇడుద్దాం అనుకున్న. నాకు చేపల సంగతి ఎరుకనుకున్న. మూడు వానలల్ల పోవాల్సింది గుంటల్నే నిండింది.

ఆరుద్ర రెండో దినం గుంట అంచు దాక వచ్చింది. కట్ట తెగితె కంపెనీలకే వస్తది. పగటీలి నాలుగింటికి మబ్బు పట్టింది. నల్లగ పట్టింది. గాలి కూడ తడిగున్నది. వానొస్తదనుకున్న. వానకు ముందుగాలనే వాల్వు మొత్తం తిప్పిన. పది నిమిషాలకు మబ్బు ఇరిగి బొల్లారం దిక్కు పోయింది. ఒక్క చుక్క పడలేదు. వాల్వు మల్ల మూద్దామని చూసిన. లోపల నీళ్ళ జోరుకు చక్రం తిరగలేదు. ఎవరినన్న పిలిస్తె మూడు వానలు అబద్ధం చెప్పింది బయటపడ్తదని పిలువలేదు. గుంట మొత్తం పోయింది. వాగుల కలిసెటందుకు నీళ్ళు లేవు. అదొక్కటే పోయింది.

నా తమ్ముడు చిన్నరాములును ఊరోళ్ళు కొడ్తుంటె నేను ఆడనే ఉన్న. వాడు నన్ను అడిగిండు. ఆ దినమే చెప్తె వాని చెయ్యి ఇరుగకపోవు. నౌకరీ పోతదని చెప్పలేదు. ఇంకో దినం ఆగితె చెప్పుడు అలకగైతదనుకున్న. దినాం ఇంకింత బరువైంది.

నేను తాగి లేను. ఎవరు కొట్టలేదు, బెదిరియ్యలేదు. నా బిడ్డ అడిగింది గని రాయమన్నది నేనే.

వాల్వు తీసినంక ఆ నీళ్ళ ఎంబడి వాగు పొంటి నడుచుకుంట చెరువు దాక పోయిన. నీళ్ళకంటె ముందుగాల పోవాలని ఉరికిన, గని నీళ్ళే ముందు పోయినయి. ఇంక పొద్దు ఉన్నది. మొదటి బొచ్చె నా కండ్ల ముందటనే ఎల్లెలకల పడ్డది. చేతుల పట్టుకుని పక్కకు, ఖరాబు కాని నీళ్ళల్లకు తోసిన. మల్ల తేలింది. మల్ల తోసిన. అట్ల ఎన్నింటిని తోసిన్నో లెక్క లేదు. చీకటి పడెటాల్లకు ఊకున్న. చెరువు కాడ నా తమ్ముడు లేడు. నేనొక్కన్నే ఉన్న."